వినకుండా కొనొద్దంది

తమన్‌రాసెత్,
మార్చి

బీగాకు,

చివరి రోజు ఎలా గడిచిందని అడిగావు. పోస్టాఫీసు ఫోన్ గదిలో నిలబడి చెప్పలేకపోయాను. రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున్న గాలి లేదు. నీ అక్క తనంతట తానే లేచి కూర్చుంది. మేకపాలు అడిగింది. రెండు గుక్కలు తాగి గిన్నె కెల్లాకిచ్చేసింది. కెల్లా లీసె బడికి వెళ్ళనంటే ఒప్పుకోలేదు. "తల్లికి జబ్బని చెబితే పరీక్షలో మార్కులు వేస్తారా?" అంది. కూతురు వెళ్ళింది. నేను నా క్లాసులు మానేసి ఉండిపోయాను. మధ్యాహ్నం డాక్టరు వచ్చాడు. మందు మార్చలేదు. మార్చలేదంటే ఏమిటో మా ఇద్దరికీ అర్థమైంది.

ఎండ తగ్గాక డేరా తెర పైకెత్తమంది. టీచర్ల క్వార్టర్సులో మూడు గదులున్నా జబ్బు రోజులన్నీ పెరట్లో తన డేరాలోనే గడిపింది. గిటారు ఒళ్ళో పెట్టమంది. వాయించలేదు. తీగల మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"ఒంటెలమ్మిన డబ్బు అలాగే ఉంది. గిటారుకి కొత్త యాంప్లిఫయర్ పెట్టె కొనండి. మంచిది కొనండి. కానీ వినకుండా కొనొద్దు. బీగాని ఒక్కణ్ణీ నమ్మకు, ధర చూసి మోసపోతాడు. కొన్నాక కెల్లాకివ్వు."

నేను విని చూస్తానన్నాను.

"నువ్వు విని ఏం చేస్తావు, నీకు తెలీదు" అని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. కెల్లా లీసె నుంచి వచ్చేసరికి మాట పడిపోయింది. చీకటి పడకముందే అయిపోయింది.

మన పద్ధతి ప్రకారం పోయినామె పేరు రాయడం లేదు. ఇక రాయను. నువ్వూ రాయకు.

ఇప్పుడు విషయం. ఖర్జూరాలు కోసే రోజుల్లో మీ పిన్ని ఫాతా అత్తమ్మ మనవరాలి పెళ్ళి. నీ అక్క, ఆమెతో వాయించే నలుగురు ఆడవాళ్ళూ వస్తామని మాటిచ్చారు. ఆ నలుగురూ ఇప్పుడు కెల్లా వైపు చూస్తున్నారు. కెల్లా గిటారు ముట్టుకోవడం లేదు.

ఒంటెలు నీ అక్కవి. ఆ డబ్బులో నా వంతు వదిలేశాను. అదంతా ఇప్పుడు కెల్లాది. తల్లి తరఫున దానికి మిగిలింది అంతే. అదంతా ఒక్క యాంప్లిఫయర్‌కే పోతుంది. తప్పు పెట్టె కొంటే మళ్ళీ కొనడానికి ఒంటెలు లేవు. నువ్వు మేనమామవి. నీ మాట లేకుండా ఆ డబ్బు తీయను. ఒరాన్‌లో దుకాణాలున్నాయి. నీకు చెవి ఉంది. చూడు.

ఖియారి


ఒరాన్,
ఏప్రిల్

బావా,

నీ ఉత్తరం లారీ డ్రైవర్ బుబ్కర్ తెచ్చిచ్చాడు. అతని ముందు ఏడవకూడదని జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు నేను గిటారు వాయించే హాల్లో పెళ్ళి. వరుసగా పన్నెండు పాటలు వాయించాను. అందరూ భోజనాలకి లేచాక వంటింటి వెనక, ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చుని చదివాను. వంటవాడు చూసి, ఉల్లిపాయల వల్లనే అనుకున్నాడు. మంచిదే.

పేరు రాయొద్దన్నావు. సరే. పెదవి దాకా వస్తోంది, మింగుతున్నాను.

"ధర చూసి మోసపోతాడు" అందా? అంటుంది. పోతూ పోతూ కూడా నా నెత్తిన ఒక మొట్టికాయ వేయకుండా పోలేదు చూడు!

మర్నాడే బెన్‌ఔదా సంగీత సామాన్ల దుకాణానికి వెళ్ళాను. ఈ ఊళ్ళో మంచి సరుకు అతని దగ్గరే ఉంటుంది. పొగరు కూడా అతని దగ్గరే ఉంటుంది.

"కొనేవాడివా, వాయించి పోయేవాడివా?" అన్నాడు.

"కొనేవాణ్ణే."

"ఇలా అన్నవాళ్ళంతా నా కుర్చీలో కూర్చుని, నా కరెంటుతో పాటలు నేర్చుకుని పోయారు."

"నేను పాటలు నేర్చుకునే వచ్చాను హాజీ. నీ కరెంటే మిగిలింది."

అప్పుడు నవ్వి లోపలికి రానిచ్చాడు. పనికొచ్చేవి మూడున్నాయి. మూడూ పాత రేడియోల్లో లాంటి గాజు వాల్వులవే. ఒకటి ఇంగ్లండుది. గట్టిగా మీటితే కడుపులోంచి అరుస్తుంది, మెల్లగా మీటితే పట్టించుకోదు. ఒకటి అమెరికాది. చాలా శుభ్రమైన శబ్దం. వేలు తప్పితే ఆ తప్పు కూడా శుభ్రంగా వినిపిస్తుంది. మూడోది ఎవరో బెల్జియం ఆయన ఇంట్లో కూర్చుని చేత్తో కట్టిందట. చిన్నది, తేలిక. ధర మాత్రం కారుకి చెప్పినట్టు చెప్పాడు. నాకు అదే నచ్చింది. వెంటనే అక్క మాట గుర్తొచ్చి, నచ్చింది పెట్టెనా ధరనా అని అనుమానం పట్టుకుంది.

నాకు కావలసింది ఒక్కటే. అక్క పాత పెట్టె బుబ్కర్ లారీలో ఎక్కించి పంపు. పక్కపక్కన పెట్టి వింటాను. ఆ పెట్టెలోంచి వచ్చే అక్క శబ్దం ఏ పెట్టెలో దొరికితే అదే కొందాం. నీ ఫిజిక్సు అక్కర్లేదు బావా, పెట్టె పంపు చాలు.

బీగా


తమన్‌రాసెత్,
మే

బీగాకు,

పాత పెట్టె లేదు.

వస్తువులు దానం చేసే రోజున ఫాతా అత్తమ్మ వచ్చి నీ అక్క సామాన్లన్నీ విడదీసింది. బట్టలు, గిన్నెలు, తోలు దిండ్లు. డేరా మడిచి కెల్లా కోసం తీసి పెట్టింది. గిటారు కెల్లాకని పక్కన ఉంచింది. పెట్టె దగ్గర ఆగింది. "ఇది కూడానా?" అని నా వైపు చూసింది. నేను నోటి మీదికి తలపాగా ముసుగు లాక్కుని నిలబడి ఉన్నాను. అత్తవారి పెద్దలకు మనలో ఎవరు ఎదురు చెబుతారు? నేను పలకలేదు. పలకకపోవడం ఒప్పుకోవడం అనుకుంది. ఇచ్చేసింది.

పెట్టె ఇప్పుడు బజారులో ఉంది. ఎవరి పెట్టో తెలియకుండా దానం అందుకున్నది లావలీ, జిందెర్ ఊరి నుంచి వచ్చినతను, చెప్పులు అమ్ముకుంటాడు. దానికి మైకు తగిలించి అరుస్తాడు. నిన్న వెళ్ళి విన్నాను.

"రండమ్మా రండి! తోలు చెప్పులు! అత్తగారికో జత, కోడలికో జత! తెగితే నన్నడగండి! దొరికితే!"

అతని మాట చివర పెట్టె గరగరమంటుంది. మందపు తీగ మీటినప్పుడు కూడా అలాగే అనేది. ఆ గరగర నాకు బాగా తెలుసు. గోడ ఇవతల కూర్చుని పేపర్లు దిద్దుతూ పదహారేళ్ళు విన్నాను.

నీకు క్యాసెట్ పంపుతున్నాను. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళిలో తీసింది. దాన్ని బట్టి చూడు.

మూడు పెట్టెల గురించి నాకు తెలిసిన మేరకు రాస్తున్నాను. ఇక్కడ సాయంత్రం వోల్టేజి పడిపోతుంది. వాల్వులకు అది మంచిది కాదు. స్థిరంగా ఉంచే యంత్రం విడిగా కొనాలి, దానికి కొంత డబ్బు ఉంచాలి. వాల్వు పోతే ఇక్కడ దొరకదు, మరో జత ముందే తీసుకోవాలి. పికప్ వ్యాను వెనక ఎక్కించడానికి ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తగలగాలి. దుమ్ము సంగతి నీకు చెప్పక్కర్లేదు.

ఇవన్నీ లెక్కకు వచ్చేవి. లెక్కకు రానిది నువ్వు చూడు.

ఖియారి


ఒరాన్,
జూన్

బావా,

దానం చేశారా? ఆ పెట్టెనా? ఫాతా పిన్నికి అది రేడియో లాగా కనబడిందా? నువ్వు ముసుగు లాక్కుని నిలబడ్డావు సరే, దగ్గినా సరిపోయేది కదా! ఒక్క దగ్గు!

కోపంతో రాశాను. కొట్టేయను, అలాగే ఉండనీ. అక్కడ నేనుంటే నేనూ నోరెత్తేవాణ్ణి కాదు.

క్యాసెట్ విన్నాను. బావా, నువ్వు ఆ టేప్ రికార్డర్‌ని టీ గిన్నె పక్కన పెట్టావు. మొదటి పాటంతా టీ పొయ్యడమే. రెండో పాటలో చప్పట్లు, మన ఆడవాళ్ళ సంబరపు కేకలు. మూడో పాటలో కాస్త గిటారు వస్తుంది, అంతలో ఎవడో "మేకను ఎవరు కట్టేశారు?" అంటాడు. ఆ మేక గురించి అక్క పాడుతూనే నవ్వింది. ఆ నవ్వు దాకా వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. పెట్టె ఎంచుకోవడానికి మాత్రం పనికిరాదు.

అయినా బెన్‌ఔదా దగ్గరికి క్యాసెట్ పట్టుకెళ్ళాను. అది విని, మూడింటిలోనూ అదే మూడో పాట నేనే వాయించి చూశాను. ఇంగ్లండుది అక్క మీద అరుస్తున్నట్టుంది. అమెరికాది అక్కకు ఎవరో ఇస్త్రీ బట్టలు తొడిగినట్టుంది. చేత్తో కట్టిన పెట్టె దగ్గర ఇదే అనుకున్నాను. మళ్ళీ వాయిస్తే కాదు.

"అసలు నీకేం కావాలి?" అన్నాడు బెన్‌ఔదా.

"గరగరమనాలి హాజీ. చివర్లో, కొంచెం."

"ఇంత డబ్బు పోసి గరగర కొంటావా? బయట పాత సామాన్లవాడు ఊరికే ఇస్తాడు పో!"

పాత పెట్టె తిరిగి కొనెయ్యి బావా. చెప్పులవాడే కదా, నాలుగు నోట్లు చూపిస్తే ఇచ్చేస్తాడు. కనీసం లారీలో పంపి, వినిపించి, మళ్ళీ అతనికే ఇచ్చేద్దాం. ఇక్కడ ఇంకో చిక్కు. అమెరికా పెట్టెను మా హాలు యజమాని కూడా అడుగుతున్నాడు. తొందరగా తేల్చు.

బీగా


తమన్‌రాసెత్,
జూలై

బీగాకు,

ఇమాముగారిని అడిగాను. ఇచ్చిన దానాన్ని తిరిగి కొనుక్కోవద్దన్నారు. చౌకగా ఇస్తానన్నా వద్దన్నారు. ఊరికే ఇచ్చినా వద్దా అని అడిగాను. "మాస్టారూ, నువ్వు అడిగేది ఏమిటో నీకు తెలుస్తోందా?" అన్నారు. తెలుస్తోందన్నాను.

అందుకని గురువారాలు బజారుకు వెళ్ళి నిలబడుతున్నాను. ఊరికే నిలబడితే బాగుండదని ఒక జత కొంటున్నాను.

"రండి మాస్టారూ! ఈ వారం ఏ సైజు?" అంటాడు లావలీ.

"ఏదైనా ఇవ్వు."

"ఏదైనానా? ఇవన్నీ మీ కాళ్ళకేనా, లీసె మొత్తానికా?"

నన్ను చూడగానే ధర పెంచుతున్నాడు. బేరమాడను. బేరమాడితే అతను మైకు పక్కన పెట్టి మాట్లాడతాడు.

పోయిన వారం కెల్లా నా మంచం కింద ఊడుస్తూ చెప్పులన్నీ బయటికి లాగి వరసగా పెట్టింది. "నాన్నా, మనం ఉన్నది ముగ్గురం. ఇన్ని చెప్పులెవరికి?" అంది. అన్నాక తనే "ఇద్దరం" అని దిద్దుకుంది. తర్వాత అదే వాటిని మళ్ళీ మంచం కిందికి తోసింది. ఎందుకు కొంటున్నానో చెప్పాను. విని లోపలికి వెళ్ళిపోయింది.

నిన్న లావలీకి కూడా చెప్పాను.

"మీదా ఈ పెట్టె!" అన్నాడు. "ముందే చెబితే అద్దెకిచ్చేవాణ్ణి కదా! తీసుకెళ్ళండి మాస్టారూ."

"తీసుకోకూడదు."

"అద్దెకు?"

"అదీ వద్దు."

"అయితే మీ అమ్మాయిని గిటారు పట్టుకుని రమ్మనండి. నా దుకాణంలో, నా పెట్టె, నా కరెంటు. నాలుగు పాటలు వాయిస్తే జనం మూగుతారు, నాకు బేరాలవుతాయి. ఇందులో మీరేం తిరిగి తీసుకున్నట్టు?"

ఇది కూడా ఇమాముగారికి చెప్పాను. చాలాసేపు ఆలోచించి, మరో గ్లాసు టీ పోశారు. వద్దనలేదు.

కెల్లా వద్దంది. నేను బలవంతం చేయలేదు. ఏం చేయాలో నాకు తెలియడం లేదు. పిల్లలకు వాల్వు బొమ్మ బోర్డు మీద గీసి, వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు ఎటు పోతాయో చెప్పగలను. అంతవరకే.

ఖియారి


ఒరాన్,
ఆగస్టు

బావా,

బెన్‌ఔదా చివరి మాట చెప్పేశాడు. ఈ నెల ఆఖరి దాకా మూడింటినీ ఆపుతాడు. తర్వాత అమెరికాది మా యజమానికి పోతుంది. చేతి పెట్టెకు అల్జీర్స్ నుంచి ఎవరో వస్తున్నారు. ఇంగ్లండుది మిగలొచ్చు. మిగిలింది కదా అని కొంటే అక్క ఊరుకుంటుందా?

నీకొకటి చెప్పాలి. మొన్న హాలు ఖాళీగా ఉంటే, లైట్లార్పి ఒక్కణ్ణే కూర్చుని అక్క వాయింపు గుర్తు తెచ్చుకుందామనుకున్నాను. చిన్నప్పుడు నాకు మొదటి పాట నేర్పింది తనే. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టేదో గుర్తుంది. నేను తప్పు వాయిస్తే ఏమని తిట్టేదో ప్రతి ముక్కా గుర్తుంది. శబ్దం మాత్రం రావడం లేదు. ఈ మూడు పెట్టెలూ విని విని, అది ఉన్న చోట ఇవి వచ్చి కూర్చున్నాయి. ఏ పెట్టె ఆమెలా మోగుతుందని నన్నడుగుతున్నావు. ఎలా మోగేదో నాకే తెలియదు బావా. ఇన్నాళ్ళూ తెలిసినట్టు రాశాను.

లెక్క ప్రకారం అయితే అమెరికాది కొనాలి. గట్టిది, వాల్వులు ఈ ఊళ్ళో దొరుకుతాయి, వోల్టేజి యంత్రానికి డబ్బు మిగులుతుంది. నువ్వు ఊ అంటే కొనేస్తాను. నా అంతట నేను అనలేను. అది కెల్లా డబ్బు. రేపు ఆ పిల్ల నన్ను "మామయ్యా, ఎందుకిది కొన్నావు?" అంటే, గట్టిదని చెప్పాలా?

పిల్ల ఎలా ఉంది? తింటోందా?

బీగా


తమన్‌రాసెత్,
ఆగస్టు

బీగాకు,

కెల్లా తింటోంది. ఇవాళ ఇసుకలో రొట్టె తనే కాల్చింది. కొంచెం మాడింది. ఇద్దరం తిన్నాం.

జరిగింది రాస్తాను. ఇవాళ గురువారం. లీసెకి సెలవులు కాబట్టి పొద్దెక్కాక బజారుకు వెళ్ళాను. చెప్పుల వీధి మలుపులో ఉండగానే గిటారు వినిపించింది. ఆ పెట్టెలోంచే. నేను మిరపకాయల బస్తాల దగ్గర ఆగిపోయాను. ముందుకు పోలేదు.

కెల్లా నాకు చెప్పకుండా వచ్చింది. లావలీ స్టూలు మీద కూర్చుంది. చుట్టూ జనం. వాయిస్తున్నది నీ అక్క పాటే, మేక గొడవ జరిగిన ఆ మూడోది. పెట్టె అదే. గిటారు అదే. తీగలు కూడా మార్చలేదు, అవే. చివర ఆ గరగర కూడా ఉంది.

నీ అక్క రాలేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ప్రతి తీగ దగ్గరా ఇప్పుడు వస్తుందనుకున్నాను. పాట బాగుంది. కెల్లా తల్లి కన్నా కొంచెం ఆగి ఆగి వాయిస్తుంది. వేళ్ళు మెత్తన. ఆ పాట నేను మొదటిసారి వింటున్నట్టుంది. నేను ఆ పెట్టెలో వెతుకుతున్నది ఆ పెట్టెలో లేదు. క్యాసెట్‌లో లేదు. బెన్‌ఔదా దుకాణంలో కూడా ఉండదు. నువ్వు గుర్తు రావడం లేదని రాశావు. నేను పాత పెట్టె ముందే నిలబడి విన్నాను. నా పరిస్థితీ అంతే. నీ తప్పేమీ లేదు.

పాటయ్యాక లావలీ నన్ను చూసి పరుగున వచ్చాడు. "మాస్టారూ, మీకు దండం! వందమంది విన్నారు, ఒక్కడూ చెప్పులు కొనలేదు. తీసుకెళ్ళండి మీ అమ్మాయిని!" అన్నాడు. జనం నవ్వారు. కెల్లా కూడా నవ్వింది. తల్లి పోయాక అది నవ్వడం చూడలేదు.

ఇంటికొస్తూ దారిలో అడిగాను, పెట్టె ఎలా ఉందని.

"ఘోరంగా ఉంది నాన్నా. అమ్మ ఇన్నేళ్ళు దీన్ని ఎలా భరించిందో."

"ఆ గరగర..."

"అదే! ఆ గరగరంటే అమ్మకి అసహ్యం. ప్రతి పెళ్ళి తర్వాతా పెట్టెను కాలితో ఒక తన్ను తన్నేది. అది వదిలించుకోవాలనే కదా ఒంటెలమ్మింది. నీకు తెలీదా?"

తెలీదన్నాను. మార్చి నుంచి మనిద్దరం ఆ గరగర కోసమే వెతుకుతున్నామని చెప్పలేదు. నీకు రాస్తున్నాను. నువ్వూ దానికి చెప్పకు.

కాసేపు నడిచాక అదే అంది: "మామయ్య దగ్గరున్న మూడూ ఎలా మోగుతాయి?"

ఇంటికొచ్చి నీ ఉత్తరాల్లో రాసినవన్నీ చదివి వినిపించాను. అరిచేది, ఇస్త్రీ బట్టలది, కారు ధరది. మళ్ళీ మళ్ళీ అడిగింది. మెల్లగా మీటితే పట్టించుకోదంటే ఎంత మెల్లగా అని అడిగింది. వేలు తప్పితే ఎలా వినిపిస్తుందని అడిగింది. నేను ఉత్తరాలు మళ్ళీ తిరగేశాను. "మామయ్యకూ నీకూ ఎలా తెలుస్తుంది నాన్నా, వాయించేది నేను కదా" అంది.

కాబట్టి నేను ఊ అనడం లేదు. ఉహూ అనడం లేదు. వినకుండా కొనొద్దంది. ఎవరు వినాలో మనం ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. బెన్‌ఔదాకు చెప్పు, కుర్చీ ఖాళీగా ఉంచమని. నీ మాట కావలసింది ఒక్కదానికే. కెల్లా ఏది అంటే అది. ధర చూసి అడ్డం పడకు.

ఈ ఉత్తరం ఇప్పుడే బయల్దేరుతున్న లారీలో వేస్తున్నాను. మాకన్నా ఒక రోజు ముందు నీకు అందుతుంది. రేపు పొద్దున్న గిటారును నీ అక్క డేరా గుడ్డలో చుట్టి, కెల్లాని బుబ్కర్ పక్క సీట్లో కూర్చోబెట్టి, డబ్బు నడుముకు కట్టుకుని నేను వెనక సామాన్ల మీద ఎక్కుతాను. కొత్త చెప్పులు వేసుకుంటాను. వాటికి కొరత లేదు. దుకాణంలోకి అది వెళ్ళి వింటుంది. నేను బయట గుమ్మం దగ్గర కూర్చుంటాను.

ఖియారి